మ్యాప్‌లో సోమక్క చేను

తుగ్గలి దాటి లోపలికి పోతే ఎర్రదిన్నె అని ఓ చిన్న పల్లె. ఆ పల్లెలో సోమక్క అంటే తెలియనివాళ్లు లేరు. ఊళ్లోవాళ్లకు తెలియడంలో వింతేముంది? ఇప్పుడు ఆమెను బళ్లారిలో తెలుసు, అనంతపురంలో తెలుసు, మైదుకూరులో పసుపు కొమ్ముల బేరం చేసేవాళ్లకూ తెలుసు. ఆమెను మాత్రం వాళ్లలో చాలామంది ఎదురుగా చూడలేదు. వాళ్లకు తెలిసింది ఆమె చేను. వజ్రాలు ఎక్కడ దొరుకుతాయని ఫోన్లో వెతికితే అన్నిటికన్నా పైన వచ్చేది అదే. "సోమక్క వజ్రాల చేను" అని పేరు, దాని మీద ఎర్ర గుర్తు, రోడ్డు నుంచి అక్కడికి దారి చూపించే నీలం గీత, వచ్చిపోయినవాళ్లు ఇచ్చిన చుక్కలు. ఒక మహానుభావుడు రెండే చుక్కలిచ్చి "నీడ లేదు, తాగడానికి నీళ్లు లేవు" అని రాశాడు. నీడా నీళ్లూ ఉండే చేనైతే సోమక్క బతుకు ఇంకోలా ఉండేదని ఆయనకు ఎవరు చెప్పాలి?

ఆ పేరు అక్కడికి ఎలా ఎక్కిందో చెప్పాలంటే ముందు సోమక్క సంగతి చెప్పాలి.

తల్లి పోయేనాటికి సోమక్క పావడాల పిల్ల, తమ్ముడు వీరేష్ చంకబిడ్డ. నాన్న ఈరన్న సేద్యం చూసుకునేవాడు, పిల్లాణ్ణి అక్క చూసుకునేది. వాడికి జొన్నరొట్టె నమిలి పెట్టింది, జ్వరమొస్తే ఉరుకుంద గుడికి మోసుకుపోయింది, బడికి పోనని మొండికేస్తే తనూ బడి గోడ పక్కనే కూర్చుంది. పెళ్లయి పక్క ఊరికి కాపురానికి పోయాక కూడా పండగ వస్తే మొగుడికన్నా ముందు తమ్ముడికే బట్టలు తెచ్చేది. మొగుడు శివన్న నోరులేని మనిషి, ఏమీ అనేవాడు కాదు. ఆ శివన్న పాము కరిచి పోయాడు. పిల్లలు లేరు. సోమక్క పుట్టింటికి వచ్చేసింది.

అప్పటికి నాన్న కూడా లేడు. ఆడపిల్లకు పెళ్లి చేసి పంపాక భూమి ఇంకెక్కడిదని అడిగే ఊరు అది. వీరేష్ మాత్రం పెద్దమనుషుల ముందు నిలబడి, "నాయిన భూమిలో సగం మాయక్కది. ఆయమ్మ లేకుంటే నేను యాడుండేటోన్ని?" అన్నాడు. మధ్యలో గట్టు వేసి, కాగితాలు రాయించి ఇచ్చాడు. ఆ మాట సోమక్క ఎన్ని చోట్ల చెప్పుకుందో లెక్కలేదు. బస్సులో పక్కన కూర్చున్న మనిషి ఊరు పేరు అడిగితే చాలు, అది చెప్పి, తమ్ముడు భూమి రాసిచ్చిన సంగతి కూడా కలిపి చెప్పేది. వినేవాళ్లు మూతి తిప్పుకున్నా ఆపేది కాదు.

అక్కడి నేల ఎర్రనేల. మృగశిరలో మొదటి వాన గట్టిగా కురిస్తే మట్టి కొట్టుకుపోయి రాళ్లు పైకి తేలతాయి. వాటిలో ఏదో ఒకటి మెరుస్తుంది, ఎవడి పంటో పండుతుంది. తాతల నాటి నుంచీ అంతే. వాన వెలిసిందంటే ఊరంతా నడుం వంచి నేల చూసుకుంటూ తిరుగుతుంది. చుట్టుపక్కల ఊళ్లవాళ్లూ వస్తారు. ఎవరి చేనులో ఎవరు వెతికినా ఎవరూ ఏమీ అనరు, విత్తనం పడనంత వరకే. విత్తనం పడిన చేనులో కాలు పెట్టినవాడు మనిషి కాదు.

ఇంకో కట్టుబాటు కూడా ఉంది. రాయి దొరికినవాడు చోటు చెప్పడు. మరీ పట్టి అడిగితే అబద్ధం చెబుతాడు. ఫలానా వంకలో దొరికిందన్నాడంటే ఊరివాళ్లు నవ్వుకుని, ఆ వంక వదిలి మిగతా అన్నిచోట్లా వెతుకుతారు. అయితే ఆ అబద్ధానికీ ఒక మర్యాద ఉంది. బీడు పేరు చెప్పాలి, గుట్ట పేరు చెప్పాలి. పైరున్న చేను పేరు చెప్పకూడదు. అలా చెప్పిన అబద్ధం నాలుగు సంతల కాలం బతికి దానంతట అదే చచ్చిపోయేది. చచ్చిపోయే కాలం అది.

ముందటేడు మృగశిర బాగా కురిసింది. సోమక్క వేరుశనగ విత్తింది, అక్కడివాళ్లు బుడ్డలంటారు, మధ్యమధ్య కంది సాళ్లు వేసింది. మొలకలు రెండాకులు విప్పుకున్నాయి. ఒక పొద్దున సద్ది కట్టుకుని చేనుకు పోతే అక్కడ జాతర జరుగుతోంది. గట్టు వెంబడి ఆటోలు, ట్రాక్టర్లు. గొడుగులు, టిఫిన్ డబ్బాలు, పిల్లలు. చేను నిండా వంగిన నడుములు. ఒకావిడ గొంతుక్కూర్చుని, పేలు చూసినట్టు మట్టిని వేళ్లతో పాయలు తీస్తోంది. అడ్డమొచ్చిన మొలకను పీకి పక్కన పెడుతోంది.

"ఎవరమ్మా మీరు? మొలిచిన చేన్లో ఏం చేస్తాండారు?" అని అరిచింది సోమక్క.

"వజ్రాలు ఏరుకుంటా ఉండామమ్మా. బళ్లారి నుంచి వస్తిమి. సోమక్క చేను ఇదే కదా?"

"నేనే సోమక్కను!"

ఆవిడ లేచి, చెంగుకు చేతులు తుడుచుకుని, గుళ్లో అమ్మవారిని చూసినట్టు చూసింది. "ఔనా తల్లీ! మల్లా ఏమన్నా దొరికినాదా?" అని అడిగి ఫోను చూపించింది.

ఫోన్లో ఒక వీడియో. ముఖం కనబడకుండా మసక చేసిన ఒక మగమనిషి సోమక్క చేనులో నిలబడి కాలితో మట్టి తోస్తూ, "ఈడే దొరికినాది, కోడిగుడ్డంత ఉండాది" అంటున్నాడు. గొంతు కూడా మార్చేశారు, బావిలోంచి మాట్లాడినట్టు వినిపిస్తోంది. వెనక ఒకడు పూనకం వచ్చినవాడిలా వర్ణిస్తున్నాడు. చివర్లో చేనుకు దారి.

సోమక్క పరుగున పోయి వీరేష్‌ను పిలుచుకొచ్చింది. వాడు కట్టె తీసుకుని వచ్చి అందర్నీ తరిమాడు. మధ్యాహ్నానికి ఇంకో గుంపు వచ్చింది. మరునాడు ఇంకో గుంపు. వీరేష్ తన పని మానుకుని అక్క చేను గట్టు మీదే కాపలా ఉన్నాడు. అక్కడే తిన్నాడు. ఇంత చేసినా పైరు దక్కలేదు. తొక్కిన నేల ఇంటి వాకిలిలా గట్టిపడింది, కందిసాళ్లు కూడా చచ్చాయి. అయినా సోమక్క అందరితో ఏమందో తెలుసా? "పంట పోతే పోయినాదిలే. నా తమ్ముడు నాకోసం ఎండలో నిలబన్నాడు" అంది.

పోలీసు స్టేషనుకు పోయింది. అక్కడి ఎస్సై మంచివాడే, కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించాడు. "చేన్లో దిగినోళ్ల మీద కేసు పెడతానమ్మా, మ్యాప్ మీద ఎట్ల పెట్టేది?" అన్నాడు. సర్పంచు బోర్డు రాయించి పాతించాడు. వచ్చినవాళ్లు ఆ బోర్డు పక్కన నిలబడి ఫొటోలు దిగారు.

అప్పుడు సోమక్క ఒక తప్పు చేసింది. ఒక వీడియో అబద్ధం చెబితే ఇంకో వీడియో నిజం చెబుతుందని అనుకుంది. పాపం, న్యాయంగానే ఆలోచించింది. వేరే ఛానెల్ పిల్లవాడు ఊళ్లోకి వస్తే వాణ్ణి పట్టుకుని, కెమెరా ముందు నిలబడి కడుపులో ఉన్నదంతా కక్కింది. "నా చేన్లో వజ్రాలు లేవు, వైడూర్యాలు లేవు. బుడ్డల చెట్లు తొక్కినోళ్ల కాళ్లిరిగిపోనూ! ఎవురూ రావద్దండి" అని దండం పెట్టింది, తిట్టింది, మళ్లీ దండం పెట్టింది. వాడు దానికి "నిజం దాస్తున్న సోమక్క" అని పేరు పెట్టి వదిలాడు. మొదటి వీడియోకన్నా పదింతలమంది చూశారు. వజ్రాలే లేకపోతే ఈవిడకు ఇంత కోపమెందుకని లోకం తీర్మానించింది. అంతవరకు ఆ చేనుకు పేరు ఉంది గానీ ముఖం లేదు. ఇప్పుడు ముఖం కూడా దొరికింది.

ఇక రక్తబీజుడి కథే. నేల మీద పడిన ఒక్కో చుక్కకూ ఒక్కో రాక్షసుడు లేచినట్టు, ఒక్కో వీడియోకు వంద పుట్టాయి. ఒకటి సోమక్క హైదరాబాదులో మేడ కట్టిందంది. ఒకటి ఆమెను దొంగలు పొడిచి చంపారంది. ఒకదాంట్లో ఆమె ముఖం బదులు ఎవరో ముత్తయిదువ ముఖం పెట్టారు. ఏ ప్రశ్నకైనా జవాబు చెప్పే కొత్త యంత్రం ఒకటి వచ్చిందిగా, అది ఇవన్నీ చదివి, గిన్నెలో కలిపి, "సోమక్క చేను వజ్రాలకు ప్రసిద్ధి" అని పెద్దమనిషిలా ఒక్క వాక్యంలో తేల్చేసింది. ఎర్రదిన్నెకు వచ్చి ఒక్కరు అడిగితే తేలే విషయం. అడగడానికి ఎవరూ రాలేదు, తవ్వడానికి మాత్రం అందరూ వచ్చారు.

రెండో ఏడూ అంతే. విత్తనం పడింది, వాన పడింది, జనం పడ్డారు. ఊరంతటి మొలకలూ మోకాలెత్తు లేచాయి, సోమక్క చేను బోసిగా మిగిలింది. ఆ రెండో పంట కూడా పోయాక ఆమెకు భయం పట్టుకుంది. ఆ చేను తప్ప ఆమెకు ఇంకో ఆధారం లేదు. ఇంకో ఏడు ఇలాగే పోతే ఆ నేలను ఎవరికో ఒకరికి అప్పజెప్పి కూలికి పోవాల్సిందే. తమ్ముడు రాసిచ్చిన చేను చేతులారా పోగొట్టుకున్నదాన్నవుతానే అని రోజూ కుమిలింది.

పత్తికొండలో శ్రావణి అని ఓ చిన్న వయసు లాయరు ఉందని, ఫోన్ల గొడవలు ఆమెకు బాగా తెలుసని ఎవరో చెప్పారు. పోతానంటే వీరేష్ వద్దన్నాడు. "కోర్టులు మనకెందుకక్కా? జనం కదా, వాళ్లే మర్చిపోతారు. నేనుండా కదా" అన్నాడు. తన మీద ప్రేమతో అన్నాడనుకుని సోమక్క మురిసిపోయింది. మురిసిపోయినా పత్తికొండకు పోయింది, ఎందుకంటే చేను మీద దిగులు అంతకన్నా పెద్దది.

శ్రావణి విని, ఫోన్లో అంతా చూసి, అర్జీ పెట్టింది. ఇలాంటి ఫిర్యాదులు తీసుకోవడానికి ప్రతి కంపెనీ ఒక అధికారిని పెట్టాలని చట్టం ఉందట. ఆ అధికారి నుంచి జవాబు కూడా వచ్చింది. అందులో ముందు మీ బాధ అర్థమైందని ఉంది, చివర మా నియమాలకు ఇది విరుద్ధం కాదని ఉంది. మళ్లీ రాస్తే, కోర్టు ఉత్తర్వు తెస్తే తీసేస్తామన్నారు.

"వెతికిపెట్టే కంపెనీ ఏమంటుందంటే, అక్కా, మేము రాయలేదు, చెప్పలేదు, ఎవరో పెట్టింది చూపిస్తాండాము, అంతే అంటుంది. కోర్టు చెప్తే తప్ప అది కదలదు" అంది శ్రావణి.

"ఇల్లు చూపించేది వాళ్లే, దొంగలతో మాకు సంబంధం లేదనేదీ వాళ్లే. బాగుండాది!" అంది సోమక్క.

శ్రావణి నవ్వి, మొదటి వీడియో తీసిన ఛానెల్ యజమానికి నోటీసు పంపింది. ప్రొద్దుటూరులో ఉండే అతని పేరు యేసుప్రసాద్. నోటీసు చూసి అతను గడగడలాడిపోయాడు. నేనేమీ కల్పించలేదు మేడం, ఆ ఊరి మనిషే చెప్పాడు, చోటు కూడా అతనే చూపించాడు, కావాలంటే చూడండి అని కత్తిరించకముందు తీసిన అసలు వీడియో పంపేశాడు. అందులో ముఖం మసక లేదు. గొంతు గొంతులాగే ఉంది.

శ్రావణి కబురు పెడితే సోమక్క పొద్దున బస్సుకే పోయింది. ఆ పిల్ల ఫోను బల్ల మీద నిలబెట్టి, "ఈయప్ప ఎవరో గుర్తుపడతారేమో చూడండక్కా" అంది.

సోమక్క గుర్తుపట్టింది. ఎలా పట్టదు? ఆ తల దువ్వి పెంచింది తనే.

వీడియోలో వీరేష్ ముందు తన చేనులోనే నిలబడి ఉన్నాడు. రాయి దొరికింది ఇక్కడేనా అని యేసుప్రసాద్ అడుగుతున్నాడు. వీరేష్ ఒకసారి తన సాళ్లు చూసుకున్నాడు. "ఈడ కాదు, ఈడ కాదు, ఆ పక్క" అని గట్టు దాటి అక్క చేనులోకి దిగాడు. మొలకలు కాళ్ల కింద పడకుండా జాగ్రత్తగా కూడా నడవలేదు.

"ఎవరిదీ చేను?"

"సోమక్కదని."

"ఆమె ఎవరు?"

"ఉండాదిలే, ఒగామె."

శ్రావణి ఏదో అడుగుతోంది. సోమక్కకు వినబడలేదు. మళ్లీ వెయ్యమంది. "ఉండాదిలే, ఒగామె" అన్నచోట ఆపమంది. కంచే చేను మేసిందని ఊరికే అంటారా? రెండేళ్లు కట్టె పట్టుకుని ఎదురుగా నిలబడ్డ ఆ కంచె ఇదే. పంట పోయిన రోజు కూడా ఆమెకు ఇంత నొప్పి కలగలేదు. నీళ్లు అడిగి తాగింది.

మధ్యాహ్నానికి ఊరు చేరి, ఇంటికి పోకుండా నేరుగా వీరేష్ చేనుకు పోయింది. వాడు గొర్రుతో విత్తనం వేస్తున్నాడు. అక్క ముఖం చూడగానే ఎద్దులను ఆపేశాడు. ఆమె ఏమీ అడగకముందే వాడికి అర్థమైపోయింది.

"చూసినావా?" అన్నాడు.

"చూసినా. రాయి నీకు దొరికినాదా?"

"దొరికినాది. చిన్నదే. కోడిగుడ్డంతనేది వానికి చెప్పడానికి చెప్తి."

"నాకెందుకు చెప్పలేదు?"

వీరేష్ ఆ మాట దాటేశాడు. "వాడు కెమెరా పట్టుకుని చోటు చూపించమని పీడించె. వంక పేరు చెప్తి, ఆడికి నడువు అనె, ఆడ చూస్తే నీళ్లు పారుతాండె. ఆ పక్కనుండేది మన ఊరి పెద్దాయన బీడు, అది చూపిస్తే నా కాళ్లిరగ్గొట్టించేటోడు. నా చేను చూపిస్తే నా ఇత్తనం పోయేది. నువ్వైతే..." అని ఆగాడు.

"నేనైతే?"

"నువ్వైతే ఏమీ అనవు కదక్కా. నాలుగు దినాలు మాట్లాడి మర్చిపోతారనుకుంటి. ఫోన్లోది చావదని నాకేం తెల్సు? తెల్సినప్పటినుంచి రెండేండ్లు నీ గట్టు మీదనే పడుంటి కదా!"

ఏడ్చాడు కూడా. వాడు ఏడిస్తే చూడలేని మనిషి సోమక్క. అందుకే చూపు ఎద్దుల మీద పెట్టింది. కోపం అటుంచి, తననే ఎందుకు ఎంచుకున్నాడో తెలిశాక ఆమెకు లోపల ఏదో ఖాళీ అయిపోయింది. పెద్దాయనకు కాళ్లు విరగ్గొట్టే బలముంది, వాడి చేనుకు వాడున్నాడు. ఊరంతటిలో ఏమీ అనని మనిషి తనొక్కతే. చిన్నప్పటినుంచీ వాణ్ణి ఏమీ అనకుండా పెంచినందుకు అదీ ఫలితం.

"సరే, అయిందేమో అయింది. రేపు పత్తికొండకు రా. నేను చెప్పింది అబద్ధం, మాయక్క చేన్లో దొరకలేదు అని జడ్జి ముందర ఒగ మాట చెప్పు. ఆ లాయరమ్మ మిగిలింది చూసుకుంటాది" అంది.

వీరేష్ కళ్లు తుడుచుకున్నాడు. చాలాసేపు గొర్రు సరిచేశాడు. "మరి యాడ దొరికినాది అని అడుగుతారు కదక్కా?"

"అడుగుతారు."

"చెప్తే అది కూడా ఫోన్లో పడతాది. అప్పుడు అందరూ నా చేనుకొస్తారు కదా. ఇప్పుడే ఇత్తనం ఏస్తాండా." గొంతు తగ్గించి, "నీకు ఒక్కదానికి కడుపుకి కావాల్సింది నేను పెడతాలే అక్కా. ఆ చేను వదిలెయ్" అన్నాడు.

మొదటిసారి చేసింది భయంతో చేశాడని సోమక్క దారి పొడవునా తనకు తాను సర్దిచెప్పుకుంటూ వచ్చింది. వాడు తెలియక చేశాడు, కెమెరా ముందు తడబడ్డాడు, అంతేనని. ఇది మాత్రం తెలిసి చేస్తున్నది. పట్టపగలు, తన ముఖంలోకి చూస్తూ చేస్తున్నది. వాడు చెప్పింది నిజమే, ఆమె వాణ్ణి ఏమీ అనదు. గట్టు దాటి తన చేనులోకి దిగి, ఇంటికి పోయింది.

మరునాడు పత్తికొండలో శ్రావణి మళ్లీ విడమర్చి చెప్పింది. తమ్ముడు తనంతట తాను ఒప్పుకోకపోతే, ఆ మాట అబద్ధమని కోర్టులోనే తేల్చాలి. దావా వేయాలి. ఛానెల్‌నూ కంపెనీనీ చేర్చాలి గానీ, అందరికన్నా ముందు ఆ మాట అన్నవాడి పేరే ఉండాలి. "బాగా ఆలోచించుకోండి అక్కా. ఒకసారి వేస్తే ఊళ్లో అందరికీ తెలుస్తుంది. ఆయప్పతో మాటలుండవు ఇంగ" అంది.

"రాయమ్మా" అంది సోమక్క.

కోర్టు వరండాలో టైపు కొట్టే శేషన్న ముందు ఇద్దరూ కూర్చున్నారు. ఆయనకు ఈ కథ ఏమీ తెలియదు. కళ్లజోడు సవరించుకుని, వచ్చిన ప్రతివాళ్లను అడిగినట్టే అడిగాడు.

"మొదటి ప్రతివాది పేరు?"

"వీరేష్."

"తండ్రి పేరు?"

"ఈరన్న" అంది. తన తండ్రి పేరు అంత మెల్లగా ఆమె ఎప్పుడూ పలకలేదు.

"ఊరు ఎర్రదిన్నేనా? ఆయప్ప నీకేమవుతాడమ్మా?"

శ్రావణి చెప్పబోయింది. సోమక్క ఆమె చేతి మీద చెయ్యి వేసి ఆపింది.

"ఏమీ కాడు. గట్టు పక్క చేనాయప్ప" అంది.

శేషన్న అలాగే కొట్టుకుంటూ పోయాడు.